సీసాలమ్మాయి సబ్బుకొట్టు

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. సీసాలమ్మాయి అంటేనే చప్పున గుర్తుపట్టేవారు. మూతపడ్డ స్కూటర్ల రిపేరు షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని, గోడలకు తనే సున్నం వేసుకుని, కుళాయిలు బిగించిన స్టీలు డ్రమ్ములు వరుసగా నిలబెట్టింది. ఒకదాంట్లో బట్టలుతికే సబ్బునీళ్ళు, ఇంకోదాంట్లో గిన్నెలు తోమేవి, మరోదాంట్లో ఒంటికి రాసుకునేవి. ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకుని పట్టించుకుపోవాలి. ప్లాస్టిక్ సంచి పట్టుకొచ్చిన వాళ్ళను నవ్వుతూనే వెనక్కి పంపేది. నిల్వ ఉండటానికి ఏమన్నా కలుపుతారా అని ఎవరైనా అడిగితే, "మా సబ్బు మందు ముట్టదండీ" అనేది. కొట్టంతా నవ్వులే.

లక్షణమైన ఉద్యోగం మానేసి సబ్బునీళ్ళు కలుపుకోవడమేమిటని అమ్మ మొదట్లో నెత్తీ నోరూ బాదుకుంది. తమ్ముడు కూడా వెళ్ళి అక్కతోనే చేరేసరికి ఇక చేసేదేమీ లేక ఊరుకుంది. నూనెలు కాచడం, కలపడం అక్క పని. డ్రమ్ములు కడగడం, మోయడం, ఇళ్ళకు చేరవేయడం వాడి పని. అక్క గీసిన గీత దాటేవాడు కాదు.

ఆ ఎండాకాలం సరుకు పాడవడం మొదలైంది. పొద్దున తేటగా ఉన్నది సాయంత్రానికి తీగలు సాగి, పులిసిన కంపు కొట్టేది. సీసాలు వెనక్కొస్తున్నాయి. ఏళ్ళుగా వస్తున్న వాళ్ళు కూడా మొహం చాటేస్తున్నారు. ఆమె నీళ్ళు మార్చింది, మరింతసేపు మరిగించింది, గుడ్డలు మార్చి మార్చి వడకట్టింది. తిండి సయించక మనిషి సగమైపోయింది.

"అక్కా, అందరూ కలిపేదే కదా. ఓ చెంచాడు మందు వేస్తే..." అన్నాడు తమ్ముడు ఒకరోజు.

"ఆ మాట ఇంకోసారి నా చెవిన పడిందంటే కొట్టు మూసేసి ఇంటికి పోతా. తెలిసిందా?"

వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్ళకు సరుకు పాడవడం ఆగిపోయింది. తన మరిగింపు ఫలించిందనుకుంది ఆమె. ఎక్కిన సంతోషం దిగలేదు. కొత్తగా వ్యాపారాలు పెట్టిన కుర్రకారు సభ ఒకటి జరిగితే వెళ్ళి, మైకు పట్టుకుని, మందు లేకుండానే సరుకు నిలబెట్టిన సంగతంతా చెప్పింది. హాలు చప్పట్లతో మారుమోగింది. వెనక వరసలో తమ్ముడొక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సొంతవాళ్ళను మెచ్చుకోవడానికి సిగ్గేమోనని సరిపెట్టుకుంది.

ఆ తర్వాత నర్సు వచ్చింది. కొట్టు తెరిచిన రోజు నుంచీ వస్తున్న మనిషి. చంకలో పాప. పాప మోచేతుల మడతలూ మోకాళ్ళ వెనకా ఎర్రగా కంది, చర్మం చిట్లి, రసి కారుతోంది.

"మీ సబ్బు తప్ప దీనికి ఇంకేదీ వాడనండీ. నిల్వమందు ఏదో పడలేదంటున్నారు డాక్టరుగారు. ఒక్కసారి అడిగి వెళ్దామని వచ్చాను."

"అదే మా దాంట్లో లేదు కదా సిస్టర్!" ఆమె పక్కనే ఉన్న తమ్ముడి తల మీద చెయ్యి పెట్టేసింది. "ఇదిగో, వీడి మీద ఒట్టు."

వాడు నిప్పు తగిలినట్టు తల వెనక్కి లాక్కున్నాడు. నర్సు అది గమనించలేదు.

"అయ్యో, ఒట్లెందుకండీ. మీరు అబద్ధం చెప్పరని నాకు తెలీదా? ఇంకేదో పడలేదేమో." తెచ్చుకున్న సీసా తనే కుళాయి కింద పెట్టి నింపుకుంది. పాప తల నిమురుతూ గడప దాటింది.

తమ్ముడు ఒక్క ఉరుకున వెళ్ళి నర్సు చేతిలోని సీసా లాక్కున్నాడు.

"వద్దండీ, ఇది పాపకి రాయకండి. దీంట్లో మందుంది. నేనే కలుపుతున్నా. అక్కకి తెలీదు."

నర్సు వాడి వంక చూడలేదు. కొట్టులో కొయ్యబారి నిలబడ్డ సీసాలమ్మాయినే చూసింది.

"మీకు తెలీకుండానే మీ డ్రమ్ముల్లో పడిందా? ఇప్పుడే కదండీ ఒట్టేశారు?"

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఎందుకు చేశావురా?" అని తమ్ముణ్ణి అడిగింది.

"నువ్వు తిండి మానేస్తే చూడలేకపోయానక్కా. ఆ సిస్టర్ పాపకోసం సీసా తీసుకుపోకుండా ఉంటే ఎప్పటికీ చెప్పేవాణ్ణి కాదేమో."

ఆ రోజే కొట్టు మూసేసింది. గడప గడపకూ తిరిగి, సబ్బునీళ్ళు వాడొద్దని చెప్పింది. కొందరు అయ్యో పాపం అన్నారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కూడబలుక్కుని ఆడిన నాటకమని కొందరు మొహం మీదే అన్నారు. నర్సు తలుపు తీయలేదు. పాపకు తగ్గిందని పక్కింటివాళ్ళ వల్ల తెలిసింది. మిగిలిన డ్రమ్ములను కాలవలో ఒంపడానికి ఆమెకు చేతులు రాలేదు. మందు కలిసిన నీళ్ళు కాలవలో పోయకూడదని అందరికీ చెప్పింది తనే కదా. మురుగు శుద్ధి చేసే చోటికి వాటిని మోయించుకుని వెళ్ళి, అక్కడివాళ్ళను బతిమాలి దింపించి వచ్చింది.

తమ్ముడి మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ఎంత మరిగించినా పాడైన సరుకు ఉన్నట్టుండి ఎలా నిలిచిందో తనెందుకు అడగలేదన్నదే ఆమెను తొలిచేసేది. అడిగితే వాడు చెప్పేవాడు. తను సూటిగా అడిగితే దాచడం వాడికి చేతకాదు.

వాడు వేరే ఊళ్ళో లారీ కంపెనీలో పనికి కుదిరాడు. ఆమె పాత ఉద్యోగం కోసం తిరుగుతోంది. ఆదివారాలు వాడు ఫోన్ చేస్తే అమ్మ ఎత్తుతుంది. మాట్లాడి మాట్లాడి ఫోన్ ఆమె వైపు చాపుతుంది.

"నిన్నే అడుగుతున్నాడే. ఒక్క మాట మాట్లాడు."

వాడి తల మీద ఒట్టు వేసిన ఆమె చెయ్యి ముందుకు రాదు.

"తిన్నాడేమో కనుక్కో" అంటుంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది.