శారదమ్మ గారి బజ్జీల సోడా

శారదమ్మతో వేగడం కంటే ఐసీయూలో వరసగా మూడు డ్యూటీలు చెయ్యడం నయం. పదిహేనేళ్లుగా నర్సు పని చేస్తున్నదాన్ని, రెండూ చేసి చెబుతున్నాను.

ఆమెది మౌలాలి. కమాన్ దగ్గర సందులో భర్త సదాశివతో కలిసి ముప్పయ్యేళ్లు మిర్చి బజ్జీల బండి నడిపింది. ఆయన నూనె మూకుడు దగ్గర, ఆమె పిండి దగ్గర. డ్యూటీ దిగిన రైల్వేవాళ్లు ఆ బండి దాటి ఇంటికి పోయేవారు కాదట. పిండి కలిపేటప్పుడు ఆమెకు కొలతలుండవు. మూడు వేళ్లతో సోడా తీసి వేస్తుంది, బజ్జీ పొంగాల్సినంత పొంగుతుంది.

పోయిన వేసవిలో సదాశివకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది, మింగడమూ పోయింది. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, దాంట్లోంచే తిండి పొయ్యమని ఇంటికి పంపారు. రోజూ పొద్దున మూడు గంటలు వెళ్లి చూసుకునే పని తిరుమలగిరిలోని మా ఆసుపత్రి వాళ్లు నాకు అప్పగించారు. మిగతా ఇరవయ్యొక్క గంటలు ఆయన శారదమ్మ చేతిలో ఉంటాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది అక్కడే.

నా పేరు లోవలక్ష్మి, మాది తుని వైపు. మా వైపు నోళ్లే పెద్దవి, నాది ఇంకాస్త పెద్దది. అయినా మొదటి రోజు ఎంతో ఓపిగ్గా చెప్పాను. తల ఎత్తి కూర్చోబెట్టాలి, ముందూ వెనకా నీళ్లు పొయ్యాలి, డాక్టరు రాసిన పొడి పాలల్లో కలిపి పొయ్యాలి, అది తప్ప ఇంకేదీ గొట్టంలోకి వెళ్లకూడదు. అన్నిటికీ తలూపింది.

"సమజైంది బిడ్డా," అంది.

ఏం సమజైందో మూడో రోజు తెలిసింది. గొట్టం మూసుకుపోయింది. తీసి చూస్తే కొసన ఆవగింజ!

"ఏటి పెద్దమ్మా ఇది?"

"పప్పుచారు బిడ్డా. వడగట్టే పోసిన."

"వడగడితే ఆవగింజెలా వచ్చింది?"

"ఒక్కటే గద. జెర ఆగమైంది."

ఒక్కటే గదట! ఆ ముసలాయన ముక్కులో మళ్లీ కొత్త గొట్టం దింపాల్సి వచ్చింది. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే నాకు ఒళ్లు మండింది, నోటికొచ్చినట్టు తిట్టాను. అయిదో రోజు నేను వెళ్లేసరికి ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఈమె పైనుంచి పోస్తోంది. నిద్రపోయాడు, లేపబుద్ధి కాలేదట. మళ్లీ తిట్టాను. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే ఆమె భుజాలు ముడుచుకోవడం అప్పుడే మొదలైంది. భయం ఉంటేనే పని జరుగుతుందని సంతోషించాను కూడా.

తరవాత నురగ మొదలైంది. పొట్టలో ఏం మిగిలిందో చూద్దామని సిరంజితో లాగితే రోజూ తెల్లటి నురగే.

"పొడిని అంతలా గిలక్కొట్టొద్దని చెప్పానా లేదా?"

"ఇగ కొట్టనులే," అని తల దించుకుంది.

అక్కడితో ఊరుకున్నాను. అడిగినదానికి జవాబు దొరికిందనుకున్నాను. నిజానికి నేను అడిగిందీ లేదు, ఆమె చెప్పిందీ లేదు.

పన్నెండో రోజు సదాశివ కళ్లు తెరవలేదు. పిలిస్తే మూలుగుతున్నాడు, మళ్లీ మత్తులోకి జారిపోతున్నాడు. ఊపిరి లెక్కపెడితే నిమిషానికి తొమ్మిదే. బీపీ చూద్దామని ఎడమ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను. సరిగా తగల్లేదు, మళ్లీ కొట్టాను. చూస్తుండగానే ఆయన మణికట్టు లోపలికి వంగిపోయి, వేళ్లన్నీ దగ్గరికొచ్చి బిగుసుకున్నాయి. రక్తంలో క్షారం మితిమీరితే చెయ్యి అలా తిరుగుతుందని చదువుకున్నాను గానీ కళ్లతో చూడటం అదే మొదలు. వెంటనే అంబులెన్సు పిలిచాను.

ఆసుపత్రిలో డాక్టర్ అనుపమ మణికట్టు దగ్గర రక్తం తీసి పరీక్ష చేయించింది. రిపోర్టు చూసి కుర్చీలోంచి లేచింది.

"క్షారం దాదాపు రెండింతలుంది లోవా. వాంతులు లేవన్నావు. ఒంట్లో నీరు తీసే మాత్ర వాడుతున్నాడు గానీ, దానివల్లే ఇంత పెరగదు. బయటి నుంచి ఏదో వెళ్తోంది. ఉన్న ఆమ్లాన్ని దాచుకోవడానికి ఒళ్లు ఊపిరి తగ్గించేస్తోంది. ఇంకా తగ్గిందంటే వెంటిలేటరే. ఈ వయసులో, ఈ ఊపిరితిత్తులతో ఎక్కిస్తే మళ్లీ దించగలనన్న నమ్మకం నాకు లేదు. సెలైన్, పొటాషియం మొదలుపెడుతున్నాను. ఇంట్లో ఏం పోస్తున్నారో కనుక్కుని రా."

బయటికొచ్చాను. శారదమ్మ బెంచీ కొసన గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం పోశారు? నిజం చెప్పండి!"

"నువ్వు చెప్పిందే పోసిన."

"ఆయన పోతాడు పెద్దమ్మా! అర్థమవుతోందా?"

"నువ్వు చెప్పిందే పోసిన బిడ్డా." సంచీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

వరండా అంతా మా వైపే చూస్తోంది. గోడకు చెప్పినా ఈపాటికి కరిగేది. ఇంకో కేక వెయ్యబోయి ఆమె భుజాల వైపు చూశాను. చెవుల దాకా ముడుచుకుని ఉన్నాయి. నేను నోరు తెరిచినకొద్దీ ఆమె మూసుకుంటోందని అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో తెలియక బండి గురించి అడిగాను.

"అంత నూనె దగ్గర నిలబడేవారు కదా, పెదనాన్నకు ఒంట్లో ఏమీ అయ్యేది కాదా?"

"ఎందుకు గాదు? మస్తు తక్లీఫ్. రోజూ రొమ్ములో మంట. గిట్ల చెయ్యి వెట్టుకుంటుండె." ఎడమ అరచెయ్యి ఛాతీ మీద పెట్టి చూపించింది. "నేను పిండి కాడికెళ్లి జెర సోడా తీసి నీళ్లల్ల కలిపిస్తుంటి. ఒక్క త్రేన్పు వస్తే సల్లవడుతుండె."

"ఇప్పుడూ అలా పెట్టుకుంటున్నాడా చెయ్యి?"

సంచీలోంచి చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. తినే సోడా. ఆసుపత్రికి కూడా వెంట తెచ్చుకుంది.

"పోసినప్పుడల్లా ఓ చెంచా. నోరు లేదు గద ఆయనకు, చెయ్యే చెప్తది. ముప్పై ఏండ్ల సంది సూస్తున్న, నాకు తెల్వదా? నీకు చెప్దామనే అనుకున్న. తిడతవని చెప్పలె."

రోజుకు ఆరుసార్లు పోస్తుంది, అంటే ఆరు చెంచాలు! పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని పన్నెండు రోజులు వాదించాను. మంట నిజంగానే ఉందట. పడుకోబెట్టి పోసినందుకు తిండి పైకి ఎగదన్ని ఉంటుందంది డాక్టరు. ఆయన ఛాతీ మీదికి చెయ్యి పోవడం నేనూ రోజూ చూశాను. దోమను తోలుకుంటున్నాడనుకున్నాను.

వెంటిలేటరు అవసరం రాలేదు. మూడో రోజుకు కళ్లు తెరిచాడు, ఆరో రోజుకు ఇల్లు చేరాడు. మంటకు గొట్టంలో వేసే మందు రాసిచ్చారు. శారదమ్మ చేతికి నా ఫోన్ నంబరిచ్చి, ఏమున్నా చెప్పండి, తిట్టను అని ఒట్టేశాను. ఎందుకేశానా అని ఆ సాయంత్రమే నెత్తి కొట్టుకున్నాను. రోజుకు పది ఫోన్లు! "బిడ్డా, రెండుసార్లు తుమ్మిండు." "బిడ్డా, పసుపు నీళ్లు పొయ్యొచ్చా?" అల్వాల్‌లో మా ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే చాలు, ఫోను మోగుతుంది. పళ్లు కొరుక్కుంటూనే ఎత్తేదాన్ని.

నిన్న మధ్యాహ్నం మళ్లీ మోగింది.

"తిట్టనంటే ఒక ముచ్చట చెప్తా."

"చెప్పండి."

"దగ్గిండు. ముక్కు కాడ గొట్టం మీద నువ్వు పెన్నుతో గీసిన గీత బయటికొచ్చింది. నీకు తెల్వకుండ నేనే మళ్ల లోపలికి తోసిన."

నా నోట్లో తిట్లన్నీ వరస కట్టి నిలబడ్డాయి. గొట్టం ఎటు పోయిందో తెలియదు. ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే, ఒక్క గ్లాసు పాలు చాలు.

"పాలు పోశారా?"

"లే. కలిపి పెట్టిన. నిన్ను అడిగి పోద్దామని."

"పొయ్యకండి. చుక్క నీళ్లు కూడా పొయ్యకండి. వస్తున్నా."

ఆటో పట్టుకుని వెళ్లేసరికి గ్లాసు మీద మూత పెట్టి ఉంది, పాలు చల్లారిపోయాయి. సదాశివ నోరు తెరిచి చూశాను. గొట్టం గొంతులో చుట్ట చుట్టుకుని ఉంది. బయటికి తీసి, కొత్తది దించి, పొట్టలోకే వెళ్లిందని తేల్చుకునేసరికి నా జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. శారదమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, భుజాలు ముడుచుకుని.

"ఇగ తిట్టు," అంది.

"ముందు కాస్త టీ పెట్టండి పెద్దమ్మా," అన్నాను. "సోడా వెయ్యకుండా."