రొయ్యల లారీ మీద సమ్మె కబురు

నోరు అదుపులో లేని మనిషికి సమ్మె కబురు అప్పగిస్తే ఎంత ఘోరం జరుగుతుందో ఎవరికైనా అనుమానముంటే, నన్నడగండి.

కలిదిండి రొయ్యల షెడ్డులో పొట్టు వలిచే మరియమ్మక్కని పనిలోంచి తీసేశారు. నేరమేమిటయ్యా అంటే, రెండోసారి బాత్రూంకి వెళ్ళడం! పొద్దస్తమానం ఐసునీళ్ళలో చేతులు పెట్టించి, పైగా దానికీ లెక్కలా? తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. షెడ్డంతా పని ఆపేసింది. అయితే ఓనరుకి కైకలూరు దారిలో ఇంకో షెడ్డుంది. సరుకు అక్కడికి తోలేస్తే మా సమ్మె గోవిందా. "కలిదిండి ఆగిందని కబురు రాగానే మేమూ ఆపేస్తాం" అని అక్కడి ఆడవాళ్ళు ముందే మాటిచ్చారు. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కదా, అందుకని యూనియన్లో కొత్తగా చేరి ఎగిరెగిరి పడుతున్న నన్ను పంపారు.

ఆటో ఎక్కినవాణ్ణి ఊరుకోవచ్చుగా! డ్రైవరు మస్తాన్ గారికి ఉపన్యాసం మొదలెట్టాను.

"ఇంత అన్యాయం జరుగుతుంటే మీ బండి ఎలా తిరుగుతోందండీ? కష్టజీవులంతా ఒక్కటి కావద్దా?"

ఆయన చెరువుల మధ్య టక్కున బండి ఆపేశాడు.

"నిజమేనండీ. సిగ్గుగా ఉందండీ. దిగండి."

"దిగడమేంటండీ?"

"సమ్మె కదండీ."

"నన్ను దింపొచ్చాక చెయ్యండి బాబూ!"

"అలా ఎలా కుదురుద్దండీ? మీరే అంటిరి కదా!"

అంతటితో ఆగాడా? స్టాండుకి ఫోన్ చేసి మిగతా ఆటోలు కూడా ఆపించేశాడు. సమ్మెని ఇంత వేగంగా పాకించిన మొనగాడు జిల్లాలో ఇంకొకడుండడు. పాకాల్సిన చోటికి మాత్రం పాకలేదు.

ఎండలో చెయ్యి ఊపగా ఊపగా ఒక లారీ ఆగింది. ఎక్కి వెనక్కి చూద్దును కదా, అన్నీ మా కలిదిండి షెడ్డు రొయ్యల ట్రేలే! దిగిపోతే కబురు చేరదు. పళ్ళు కొరుక్కుంటూ కూర్చుని, ఆ సరుకుతోనే షెడ్డు గేటు ముందు దిగాను.

అక్కడి ఆడవాళ్ళకి పెద్దదిక్కు సలోమి అక్క. ట్రేల వంక చూసింది, నా వంక చూసింది.

"మా మరియమ్మ పొట్ట కొట్టినోడి సరుకు మోసుకొచ్చావా? సిగ్గులేదూ?"

"అక్కా, నేను యూనియన్..."

"ఏ యూనియన్? ఓనర్ల యూనియనా? అమ్మాయిలూ, గ్లౌజులు తీసేయండే! ఒక్క రొయ్య ముట్టుకుంటే ఒట్టు!"

షెడ్డంతా బయటికొచ్చేసింది, నా మీద ఐసు గడ్డలు విసురుకుంటూ. సాయంత్రానికి ఓనరు దిగొచ్చి మరియమ్మక్కని మళ్ళీ పనిలోకి పిలిచాడు.

"ఇంత తొందరగా ఎలా ఆపేశారే?" అని ఆశ్చర్యపోయింది మరియమ్మక్క.

"నీ మీద ప్రేమ కొంత, వీడి మీద కోపం కొంత" అంది సలోమి అక్క.

నుదుటి మీద బొప్పి తడుముకుంటూ, కొల్లేరు సాక్షిగా ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను. ఇక మీదట ఆటో దిగి, కిరాయిచ్చి, ఆ బండి కనుమరుగయ్యాకే కష్టజీవుల ఐక్యత గురించి నోరెత్తుతాను.