లవోన్ పేరున్న ట్రే

కాఫీ లేకుండా మా చర్చివాళ్లను పది నిమిషాలు కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి తెలిసే లవోన్ ఆ ఆదివారం చర్చి కింది గదిలో కాఫీ బాయిలర్ కరెంటు తీగ పీకి, చుట్ట చుట్టి, తన చేతిసంచిలో వేసుకుంది.

గొడవ వేరుశనగ గురించి. అప్పట్లో వంటగది పెత్తనం కోరిన్ హాగెన్‌ది. తను చేసిన బార్లు, అవే ముక్కలుగా కోసే తీపి బిళ్లలు, రెండు ట్రేలు తెచ్చి పిల్లల బల్ల మీద పెట్టింది. వాటినిండా వేరుశనగ వెన్నే.

"ఒక్క పిల్ల కోసం అరవైమంది నోళ్లు కట్టేసుకోవాలా?" అంది కోరిన్. "మా అమ్మ కాలం నుంచీ ఇలాగే చేస్తున్నాం. ఎవరూ చావలేదు."

"చచ్చినవాళ్లు వచ్చి నీతో చెప్పుకుంటారా?" అంది లవోన్.

"ఆ తీగ ఇలా ఇయ్యి."

"నీ ట్రేలు కారులో పెట్టి రా, ఇస్తాను."

"ఇది దేవుడి ఇల్లమ్మా లవోన్!"

"అందుకే మర్యాదగా అడుగుతున్నా. మా ఇంట్లో అయితే ఈపాటికి నీ ట్రేలు మంచులో ఉండేవి."

పాస్టరు మెట్లు దిగి వచ్చాడు. చేతిలోని ఖాళీ కప్పును చూశాడు, ఇద్దరు ఆడవాళ్లనూ చూశాడు, చప్పుడు చేయకుండా మళ్లీ పైకి వెళ్లిపోయాడు. మగవాళ్లంతా కప్పులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. చివరికి ముసలి ఓర్విల్ గొంతు సవరించుకుని, "కోరిన్, ఆ ట్రేలేవో బయట పెట్టి రావమ్మా, పుణ్యముంటుంది. కాఫీ పడక నాకు తల తిరుగుతోంది" అన్నాడు. కోరిన్ ఎర్రగా కందిపోయిన మొహంతో రెండు ట్రేలూ ఎత్తుకుని బయటికి నడిచింది. ఆ రోజు నుంచి మా చర్చిలోకి వేరుశనగ రాలేదు.

చర్చి కట్టి వందేళ్లయిందని పుస్తకం వేస్తున్నారు. ఒక్కొక్కరినీ ఒక్కొక్కరి గురించి రాయమన్నారు, నన్ను లవోన్ త్వైట్ గురించి. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే దిద్దుకోండి. జరిగినదాన్ని మాత్రం దిద్దవద్దు. ఆమె అల్లిన దుప్పట్ల గురించి రాస్తానని అనుకున్నారు కాబోలు. దుప్పట్లు అందరూ అల్లుతారు. నేను రాసేది ఆమె పడిన భయం గురించి.

లవోన్ బీట్‌దుంపల పొలంలో పుట్టింది, ఏడుగురిలో మూడోది. బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. భర్త ఎల్మర్ పోయాడు, పిల్లలు లేరు. మా ఇంటి పక్కిల్లే ఆమెది. ఎల్మర్ పోయాక పై భాగం అద్దెకిచ్చింది. అందులోకి కైలీన్ అనే అమ్మాయి, నాలుగేళ్ల కూతురు జునీని తీసుకుని వచ్చింది. కైలీన్ వృద్ధుల ఆశ్రమంలో పనికి వెళ్తుంది, సాయంత్రం ఐదు దాటితే గాని రాదు. అంతవరకూ పిల్ల లవోన్ దగ్గరే.

జునీకి వేరుశనగ పిసరు నోట్లో పడినా గొంతు మూసుకుపోతుంది. కైలీన్ ఆ మాట చెప్పిన రోజే లవోన్ తన అలమరాలన్నీ ఖాళీ చేసింది. కర్ర గరిటెలు నూనె పీలుస్తాయని పెరట్లో మంట వేసి కాల్చేసింది. ఎల్మర్ తన చేత్తో చెక్కి ఇచ్చిన గరిటె కూడా ఆ మంటలోకే వెళ్లింది. నేను కంచెకు ఇవతల నిలబడి చూశాను. "అదొక్కటీ ఉంచుకోవచ్చు కదే" అన్నాను. "ఎల్మర్ ఏమీ అనుకోడు" అంది.

ఆ పిల్లకు ఆమె ఎక్కువగా చేసిపెట్టేది మార్ష్‌మాలో బార్లు. బడిలో పుట్టినరోజులు వచ్చినా, చర్చిలో విందులు వచ్చినా, మిగతా పిల్లలు ఏవేవో తింటుంటే జునీ చేతిలో లవోన్ చేసిన బారు ఉండేది. వాటికి ఓవెన్ అక్కర్లేదు. చిన్న మంట మీద వెన్న కరగనివ్వాలి, మార్ష్‌మాలోలు అనే మెత్తటి తెల్ల చక్కెర మిఠాయిలు వేసి అవి కరిగి తీగ సాగేదాకా కలపాలి, పొయ్యి మీంచి దించాక బియ్యప్పేలాలు పోసి గబగబా తిప్పాలి. మంట పెంచితే చల్లారాక పళ్లు ఊడతాయి. ఆ తర్వాత అరచేతులకు వెన్న రాసుకుని ట్రేలో సర్దాలి. అక్కడే అందరూ చెడగొడతారు. "గట్టిగా అదిమితే ఇటుకవుతుంది తల్లీ. పసిదాన్ని జోకొట్టినట్టు తట్టాలి" అని జునీకి చెబుతూ ఉండేది. పిల్ల ఎత్తుపీట మీద నిలబడి, నాలుక బయటపెట్టి మరీ తట్టేది.

ప్రతి ట్రే మూతకూ తెల్ల టేపు అంటించి, దాని మీద పెద్ద అక్షరాలతో తన పేరు రాసేది లవోన్. మేమంతా రాస్తాం, లేకపోతే చర్చిలో ట్రేలు కలిసిపోతాయి. కాని లవోన్ పేరుకు ఇంకో పని కూడా ఉంది. "టేపు మీద నా పేరుంటే తిను. లేకపోతే నీళ్లు తాగి ఊరుకో" అని పిల్లకు నేర్పింది. జునీ చదవడం నేర్చుకున్న మొదటి మాట ఆ పేరే. తన పేరు తర్వాత నేర్చుకుంది.

మాలో తిండితో వచ్చిన ట్రేను ఖాళీగా తిప్పి పంపరు. ఖాళీగా పంపిన ఇంటి గురించి రెండు తరాలదాకా చెప్పుకుంటాం. అది మంచి అలవాటే. ఇప్పటికీ మంచిదనే అంటాను.

పోయిన సెప్టెంబరులో ఊరి చివర ఒకింట్లో పెద్దాయన పోతే, లవోన్ మాంసం, నూడుల్స్ వేసి ఒక ట్రే వండి పంపింది. అక్టోబరులో ఆ ఇంటి కోడలు ట్రే తిరిగి తెచ్చింది. వేరే ఊరి పిల్ల, మా చర్చికి రాదు, కాని మర్యాద తెలిసిన పిల్ల. ట్రేను తోమి, నిండా బార్లు పెట్టి, దాని మూతే మూసి, లవోన్ ఇంట్లో లేదని ముందు వరండాలో బల్ల మీద ఉంచి వెళ్లింది. పైపూతగా వేసిన చాక్లెట్ కింద ఉన్నదంతా వేరుశనగ వెన్నే.

మూడుంబావుకు బడి బస్సు ఆగింది. లవోన్ పోస్టాఫీసుకు వెళ్లింది. నేను మా ముంగిట్లో ఆకులు ఊడుస్తున్నాను. జునీ మెట్లెక్కింది, ట్రే చూసింది, మూత మీద పేరు చదువుకుంది, ఒక బారు తీసుకుంది. ఆ వాసన ఏమిటో ఆ పిల్లకు తెలియదు. అది ఉన్న ఇంట్లో అడుగు పెడితే కదా తెలిసేది! నాకేసి చెయ్యి ఊపింది, చేతిలో బారుతోనే. నేనూ ఊపాను. ట్రే మీది పేరు నాకూ కనిపించింది. లవోన్‌దే కదా అనుకుని ఆకులు ఊడ్చుకున్నాను.

కాసేపటికి దగ్గు వినిపించింది. తలెత్తి చూస్తే జునీ మెట్ల మీద కూర్చుని మెడ గోక్కుంటోంది. "నాలిక దురదగా ఉంది" అంది. పెదవులు తేనెటీగ కుట్టినట్టు ఉబ్బిపోయాయి. ఏమైందో నాకు తెలిసిపోయింది. కాని కాళ్లు కదల్లేదు. చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే వీధి మలుపులో లవోన్ కనిపించింది. చేతిలో ఉత్తరాలు ఎక్కడివక్కడ వదిలేసింది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఇలాంటప్పటికని పిల్ల బడిసంచి జేబులో ఎప్పుడూ ఉంచే సూదిమందు తీసి, ప్యాంటు మీంచే తొడలో గుచ్చి, మందు దిగేదాకా గట్టిగా పట్టుకుని లెక్కపెట్టింది. "ఆర్డిస్! ఫోన్ చెయ్యవే!" అని నా మీద అరిస్తే అప్పుడు కదిలాను.

అంబులెన్సు పదిహేడు మైళ్లు రావాలి. అంతసేపూ పిల్ల ఆమె ఒడిలో ఉంది. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఆ ఈల ఎక్కడ ఆగిపోతుందోనని మేమిద్దరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం.

"నన్నే చూడు తల్లీ. ఊపిరి ఒకటి తీసుకో. ఇంకోటి. నేను చెప్పేదాకా ఆపొద్దు."

"నీ పేరుంది బామ్మా," అంది జునీ, ఆ ఈల మధ్యలోనే. "చూశాకే తిన్నాను."

లవోన్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది.

పిల్ల బతికింది. రెండు రోజులకు ఇంటికి వచ్చింది. "మీరు లేకపోతే నా బిడ్డ లేదు" అని కైలీన్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ట్రే తెచ్చిన కోడలు కూడా వచ్చి ఏడ్చింది. లవోన్ ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "నీకెవరు చెప్పారమ్మా, ఎవరూ చెప్పలేదు" అని ఓదార్చి పంపింది. ఆమె వెళ్లాక కత్తి తీసుకుని, ఇంట్లో ఉన్న ట్రేలన్నిటి మీదా టేపులు గీకేసింది.

"నువ్వే కదే బతికించావు," అన్నాను.

"నేను నేర్పింది నమ్మే చావబోయింది," అంది.

ఆ రోజు నుంచి బార్లు చేయడం మానేసింది. పిల్లకు దుకాణంలో మూతిబిగించిన పొట్లాలే పెట్టేది, అవి కూడా భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాక. పిల్ల తింటున్నంతసేపూ నిలబడే ఉండేది. జునీకి బెదురు పుట్టి ఉంటే లవోన్‌కు సులువుగా ఉండేది. ఆ పిల్లకు కాస్త కూడా బెదురు లేదు. లవోన్ ఏది ఇస్తే అది నోట్లో వేసుకునేది, చూడకుండానే. ఆ చూడకపోవడమే లవోన్‌ను తినేసింది. నాలుగు నెలల్లో గౌన్లు వదులైపోయాయి.

ఫిబ్రవరిలో జునీకి ఎనిమిదేళ్లు నిండాయి. కేకు వద్దంది. "బామ్మ బార్లే కావాలి" అంది. కైలీన్ కూడా, "చెయ్యండి లవోన్, మీ చేతిది తప్ప నేనెవరిదీ నమ్మను" అంది. మంచిమాటే అనుకుని అంది పాపం.

పుట్టినరోజు పొద్దున పదింటికి లవోన్ నన్ను పిలిచింది. కొత్త గిన్నె, కొత్త గరిటె, కొత్త వెన్న, అన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. పొట్లాల మీద అక్షరాలు ఆమె చదివింది, నాచేత చదివించింది, మళ్లీ ఆమె చదివింది. వెన్న కరిగింది, మార్ష్‌మాలోలు కరిగాయి. పేలాలు పోయబోతూ ఆగిపోయింది.

"వంటింటి తలుపు ఎవరు తెరిచారు?"

"నేనే, వచ్చేటప్పుడు."

"తర్వాత నేను కూడా ఆ పిడే పట్టుకున్నాను. పొద్దున నువ్వేం తిన్నావు?"

రొట్టె మీద నేనేం రాసుకు తింటానో నలభై ఏళ్లుగా ఆమెకు తెలుసు. గిన్నెలో ఉన్నదంతా గిన్నెతో సహా బయట చెత్తడబ్బాలోకి వెళ్లింది. "నన్ను కూడా పారేస్తావా ఏం?" అన్నాను. నవ్వుతుందేమోనని అన్నాను, నవ్వలేదు. ఇంటికి వెళ్లి తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాను. నాకు అవమానం అనిపించలేదు. సబ్బుతో మోచేతుల దాకా తోముకుంటూ, ఇంకా ఎక్కడ ఏం అంటుకుని ఉందోనని నాకే వణుకు పుట్టింది.

రెండోసారి అన్నీ సవ్యంగానే కుదిరాయి. మెల్లగా తట్టి, అంచులు సర్ది, వెనక్కి జరిగి నిలబడింది. చాలాసేపు దానివంకే చూసి, ట్రే ఎత్తుకెళ్లి పారేసింది.

"అందులో ఏముందే?"

"తెలీదు," అంది. "తెలీదనే పారేశాను."

మూడోసారికి మార్ష్‌మాలోలు ఒక్క పొట్లమే మిగిలింది, ఒంటిగంట దాటింది. ఇద్దరం కలిసి చేశాం. చల్లారాక చదరపు ముక్కలు కోసింది. ఒకటి తను తింది, ఒకటి నాకిచ్చింది. రుచి అదే, నాలుగు నెలల కిందటిదే.

"బానే ఉంది," అన్నాను.

"మనం తింటే ఏం తెలుస్తుంది? మనకేం కాదుగా."

మూడుంబావుకు బస్సు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద జునీ బూట్లు దులుపుకుంటోంది, ఏదో పాడుకుంటోంది. లవోన్ సూదిమందు తెచ్చి బల్ల మీద నా చేతి పక్కన పెట్టింది. తర్వాత కోటు తొడుక్కోవడం మొదలుపెట్టింది. బయట చలికి కిటికీ అద్దాల మీద మంచు పేరుకుపోయి ఉంది.

"ఎక్కడికే?" అన్నాను. "నువ్వు చూడవా?"

"నేను ఎదురుగా ఉంటే పిల్ల నా మొహమే చూస్తుంది. నా మొహంలో ఉన్నది చూసిందంటే జన్మలో ఇంకేదీ ధైర్యంగా తినదు." కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుంది. "నేను వెనక వరండాలో ఉంటాను. నువ్వు దాని ఎదురుగా కూర్చో. కబుర్లలో పడకు, పెదవుల మీంచి చూపు తిప్పకు. మొదటి ముక్క మింగగానే గడియారం చూసుకో. అరగంటకు ఏమీ కాకపోతే కిటికీ మీద కొట్టు."

వెనక తలుపు తీసింది, మళ్లీ ఆగి నావైపు తిరిగింది.

"కాదు, అరగంట నేను ఆగలేను. నిమిషానికోసారి కొట్టు ఆర్డిస్. మెల్లగా కొట్టు, పిల్లకి వినపడకుండా."