బాబాయి పన్నెండో వంక

వంకల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. మనిషన్నవాడు ఎదురుపడితే వంక పెట్టకుండా వదలడు. దుకాణం బోర్డు మీద వేరే పేరుంది గానీ, బంధువుల్లో ఒక్కరికీ అది గుర్తు లేదు. వృత్తికి దర్జీ. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, కళ్ళద్దాల మీంచి ఒక చూపు. ఆ చూపు పడిందంటే ఎంతటివాడైనా తనకు తెలియకుండానే చొక్కా సర్దుకుంటాడు.

చుక్కమ్మకు మాత్రం చిన్నప్పటినుంచీ ఆ చూపంటే భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. ఆమె బాబాయికి అన్నగారి రెండో కూతురు, ఆ ముద్దుపేరు పెట్టిందీ ఆయనే. బడి వదిలాక దుకాణంలో గుడ్డపీలికల మధ్య కూర్చుని లెక్కలు చేసుకునేది. ఓ సాయంత్రం ఎవరో పెద్దమనిషి గుమ్మంలో అడుగుపెట్టాడు. బాబాయి మిషను తొక్కడం ఆపకుండానే, "నడుం ముప్ఫై ఎనిమిది, పొడుగు నలభై ఒకటి. ఎడమ కాలు పావంగుళం తక్కువ. ఆ తాళాల గుత్తి కుడి జేబులో వేసుకోవడం మానెయ్యండి" అన్నాడు.

ఆయన బిత్తరపోయాడు. "నేను పక్క వీధికి దారి అడుగుదామని వచ్చానండీ."

"దారి ఎడమవైపు. గుత్తి కూడా ఎడమవైపే."

ఆ మనిషి మర్నాడు మూడు ప్యాంట్లకు సరిపడా గుడ్డ పట్టుకుని వచ్చాడు. చుక్కమ్మ లెక్కలు మానేసి నోరు తెరుచుకుని చూసింది. ఈ లోకంలో బాబాయి కంటికి కనపడనిది ఉండదని ఆ రోజే తీర్మానించుకుంది.

నాన్నకు ఆ నమ్మకం కాస్త ఖరీదుగా కుదిరింది. ఇల్లు కొనేటప్పుడు బాబాయి గుమ్మంలో నిలబడి, "అన్నయ్యా, ఈ తలుపు వేలెడు వంకర" అన్నాడు. నాన్న వినలేదు. ఏడాది తిరక్కుండా గోడ పగిలింది, తలుపు మూసుకోవడం మానేసింది. నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపరు, నిమిషం తేడా వస్తే సొంత తల్లినైనా క్షమించని రకం. అలాంటివాడు ఆ దెబ్బతో చెప్పులు కొనాలన్నా తమ్ముణ్ణి వెంటబెట్టుకు వెళ్ళేవాడు. ఇక పెళ్ళి సంబంధాల మాట చెప్పాలా? "మా తమ్ముడు చూసి వంక లేదంటేనే ముందుకెళతాం" అని ఊరంతా చాటాడు.

చుక్కమ్మకు పదకొండు సంబంధాలు వచ్చాయి. పదకొండూ బాబాయి చేతిలోనే హరీమన్నాయి. మొదటివాడికి ఎడమ భుజం అరంగుళం దిగిందన్నాడు.

"అరంగుళానికి సంబంధం వదులుకుంటామా?" అంది అమ్మ.

"ఇవాళ అరంగుళమే వదినా. రేపు ఆ భుజం మీద సంసారం పెడితే జారిపోదూ?"

రెండోవాడు తను వేసిన జోకుకు అందరికన్నా ముందు తనే నవ్వాడట. నాలుగోవాడు టీలో రెండు చెంచాల చక్కెర వేసుకుని కలపకుండా తాగాడు. "తీపంతా అడుగున దాచుకుని పైన చేదు తాగే మనిషి, వీడితో ఎలా వేగుతాం?" అన్నాడు. ఏడోవాడు డాక్టరు, పైగా అందగాడు. ఇతనికి వంక పెట్టడం ఆ బ్రహ్మతరం కూడా కాదని అమ్మ ధైర్యం. బాబాయి అతని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "వెనకనుంచి చూస్తే వెళ్ళిపోతున్నట్టున్నాడు" అన్నాడు.

"వెనకనుంచి ఎవరైనా అలాగే ఉంటారు కదయ్యా!"

"అందరూ వెళ్ళిపోతున్నట్టుంటారు వదినా. ఇతను వెళ్ళిపోయినట్టున్నాడు."

"వంకలేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందట! ఈయన ఆ డొంక కూడా మిగల్చడు" అంటూ అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెల మీద కోపం తీర్చుకుంది. మేనత్త అయితే, "పిల్ల ఉసురు పోసుకుంటున్నాడు" అని మొహం మీదే అనేసింది. పెళ్ళిళ్ళకు ఆయన్ని పిలవడం తగ్గించారు. పిలిచినా పెళ్ళికొడుకు కనిపించని మూల చూసి కూర్చోబెట్టేవారు. బాబాయి అన్నీ వింటూ సూదిలో దారం ఎక్కించుకునేవాడు.

ఒక్క పద్ధతి మాత్రం ఎన్నడూ తప్పేవాడు కాదు. అబ్బాయిని చూడటం అయ్యాక, ఎవరి కోసం ఆ సంబంధం వచ్చిందో ఆ పిల్లను పిలిచి, "కాసిని మంచినీళ్ళు తీసుకురామ్మా" అనేవాడు. గ్లాసు అందుకుని, నాలుగు గుక్కలు తాగి, అప్పుడు తీర్పు చెప్పేవాడు. గొంతు తడిస్తే గాని వంక ఊడిపడదని చుక్కమ్మ అక్క వెక్కిరించేది.

ఆ అక్క సంబంధమే ఒక వింత. వచ్చిన పెళ్ళికొడుకు కంగారులో చొక్కా తిరగేసి తొడుక్కొచ్చాడు. దర్జీ ముందు తిరగేసిన చొక్కా! ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు. బాబాయి తడిసిన ప్యాంటు దులుపుకుంటూ, "కుట్లు పైకి పెట్టుకు తిరిగేవాడికి దాచుకునేదేముంటుంది? వంక లేదు" అనేశాడు. ఆ తీర్పులో మర్మం ఇప్పటికీ ఎవరికీ అంతుబట్టలేదు.

ఇలా ఉండగా పన్నెండోవాడు వచ్చాడు. రాలేదు, చుక్కమ్మే తెచ్చుకుంది.

ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. ఓ మధ్యాహ్నం రక్తం సీసాల ట్రేతో లిఫ్టులో ఇరుక్కుపోయింది. మెకానిక్ పై అంతస్తు నుంచి సందులోకి తొంగిచూసి, "భయంగా ఉందా?" అని ఇంగ్లీషులో అడిగాడు. "లేదు" అంది. "నాకుంది. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి" అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడింది. లిఫ్టు కదిలినా మాటలు ఆగలేదు. ఇంట్లో చెప్పేసరికి రెండేళ్ళయింది.

అతను మనవాడు కాదు. రంగు వేరు, జుట్టు వేరు, భాష వేరు, వాళ్ళ తాతలు పుట్టిన ఖండమే వేరు. ఆ సంగతి చెప్పిన రోజు ఇంట్లో టీవీ కూడా నోరెత్తలేదు. "నలుగురికీ ఏమని చెప్పుకోను? రేపు పిల్లలు పుడితే నాతో ఏ భాషలో మాట్లాడతారే?" అని అమ్మ ఏడ్చింది. నాన్న మూడు రోజులు మౌనం పట్టి, నాలుగోరోజు ప్రశాంతంగా నోరు విప్పాడు.

"ఆదివారం రమ్మను. మీ బాబాయి చూస్తాడు. వంక లేదంటే నాకేం అభ్యంతరం లేదు. ఉందంటే మాత్రం, వాడి పేరు ఈ ఇంట్లో వినపడకూడదు. అంతకీ వాడే కావాలనుకుంటే నాతో మాట్లాడకు."

అమ్మ వెంటనే ఏడుపాపి టీ పెట్టింది. డాక్టరునే గుమ్మం దాటించినవాడు లిఫ్టబ్బాయిని వదులుతాడా అని వాళ్ళ ధీమా. చుక్కమ్మకు పదకొండుసార్లు ఆ కన్ను తన పక్కన ఉంది గనక భయం తెలియలేదు. ఆ ఇంటి తలుపు ఎలాగూ సరిగ్గా మూసుకోదు గానీ, నాన్న నోరు ఒకసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదు. లిఫ్టబ్బాయిని వదులుకోవాలి, లేదా నాన్నను.

"వంక అంటే?" అని అడిగాడు అతను.

"మనిషిలో లోపం. మా బాబాయి వెతుకుతాడు."

"వెతకడం ఎందుకు? నేనే చెప్పేస్తా" అన్నాడు. ఆ వారమంతా కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు.

ఆదివారం నాలుగింటికి, సరిగ్గా నాలుగింటికి, ఇస్త్రీ చొక్కాలో వచ్చి నిలబడ్డాడు. నాన్న గడియారం చూసుకుని కాస్త నిరాశపడ్డాడు. అందరూ కూర్చున్నారు. అతను లేచి చేతులు జోడించాడు.

"నమస్కారం. నాలో మూడు పెద్ద వంకాయలు ఉన్నాయి."

అమ్మ చేతిలో టీ ట్రే గాలిలో ఆగిపోయింది.

"ఒకటో వంకాయ, గురక. రెండో వంకాయ, పాట పాడతాను, బాగుండదు. మూడో వంకాయ, లిఫ్టు పని చేస్తాను, ఎత్తు భయం. చిన్న వంకాయలు చాలా ఉన్నాయి. దయచేసి వెతకండి."

అమ్మ ట్రే కింద పెట్టేసి, మొహానికి చెంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందనుకుని అతను కంగారుపడ్డాడు. నాన్నకు ఎక్కడలేని దగ్గు వచ్చింది. నవ్వనిది బాబాయి ఒక్కడే.

"వంకాయలకు నా దగ్గర కొలతల్లేవు బాబూ. ఇలా నిలబడు."

టేపు తీశాడు. మెడ కొలిచాడు, ఛాతీ కొలిచాడు, ఈ భుజం నుంచి ఆ భుజానికి కొలిచి, కుడి భుజం దగ్గర చాలాసేపు ఆగాడు. చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చుక్కమ్మా, కాసిని మంచినీళ్ళు తీసుకురామ్మా."

చుక్కమ్మ వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది. ఎలా వెళ్ళిందో, ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బాబాయి గ్లాసు అందుకుని పైకెత్తాక అప్పుడు చూసింది. గ్లాసులో చుక్క నీరు లేదు.

గ్లాసు వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచింది. బాబాయి మాత్రం కళ్ళు మూసుకుని, గొంతు కదిలిస్తూ, నాలుగు గుక్కలూ నింపాదిగా తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "చల్లగా ఉన్నాయి" అని గ్లాసు తన వెనక్కి పెట్టుకున్నాడు.

"ఒక వంక ఉంది అన్నయ్యా."

నాన్న హాయిగా వెనక్కి వాలాడు. "చెప్పరా."

"నీతో మాట్లాడుతూ మన పిల్ల వంక చూస్తాడు. వంకాయలు లెక్కపెడుతూ పిల్ల వంక చూస్తాడు. నేను మెడ కొలుస్తుంటే మెడ తిప్పి మరీ పిల్ల వంకే చూశాడు. పదహారు రావలసిన మెడ పదహారున్నర వచ్చింది. ఎంత వెతికినా నాకు దొరికింది ఆ ఒక్క వంకే."

నాన్న నిటారుగా కూర్చున్నాడు. "ఇదీ ఒక వంకేనట్రా?"

"కాదంటావా? అయితే వంక లేనట్టే."

"అది కాదురా, డాక్టరుకు పెట్టినవాడివి..."

"మీరుండండి" అంది అమ్మ. చెంగు తీసింది, కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. "పెళ్ళయి ముప్ఫై మూడేళ్ళయింది. గడియారం వంక చూసినన్నిసార్లు మీరెప్పుడైనా నా వంక చూశారా?"

టైమ్‌కీపరు అలవాటు కొద్దీ గోడ గడియారం వంక చూడబోయి, మధ్యలో ఆగి, అమ్మ వంక చూశాడు. అమ్మ చూపు తిప్పుకోలేదు. కాసేపటికి ఆయనే తిప్పుకుని, లిఫ్టబ్బాయితో బింకంగా అన్నాడు. "నా మాటంటే మాటే. వచ్చే ఆదివారం మీవాళ్ళను తీసుకురా. నాలుగింటికి. నాలుగంటే నాలుగే."

అతనికి సగమే అర్థమై చుక్కమ్మ వంక చూశాడు.

"చూశావా, మళ్ళీ!" అన్నాడు బాబాయి.

"టీ చల్లారిపోతోంది, కూర్చో వంకాయబ్బాయీ" అంది అమ్మ. మనవలు ఏ భాషలో మాట్లాడతారన్న బెంగ ఆ పూటతో తీరిపోయింది. ఆ పేరు మాత్రం అతనికి జీవితాంతం అతుక్కుపోయింది.

పెళ్ళికి పది రోజులుందనగా చుక్కమ్మ ఒంటరిగా దుకాణానికి వెళ్ళింది. బాబాయి పెళ్ళికొడుకు కోటు ఒళ్ళో వేసుకుని కుట్లు వేస్తున్నాడు.

"బాబాయ్, ఆ రోజు గ్లాసులో నీళ్ళు లేవు."

"తాగినవాణ్ణి, నాకు తెలీదూ?"

"మరి చల్లగా ఉన్నాయన్నావు?"

"చల్లగానే ఉన్నాయి." బాబాయి తలెత్తలేదు. "అంతకుముందు పదకొండుసార్లు నీ చేతి నీళ్ళు తాగాను. పదకొండుసార్లూ గీత గీసినట్టు నింపి తెచ్చావు. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. ల్యాబులో రక్తం సీసా అందించినట్టు అందించావు. చెయ్యి అంత నిలకడగా ఉందంటే మనసు ఆ గదిలోనే లేదని. మీ అక్క చూడు, చొక్కా తిరగేసినవాడు వచ్చినప్పుడు సగం గ్లాసు నా ఒళ్ళో పోసింది."

చుక్కమ్మ స్టూలు మీద కూలబడింది. "అయితే ఆ భుజాలు, ఆ టీలో చక్కెర, వెళ్ళిపోయినట్టున్న డాక్టరు..."

"వాళ్ళనెవడు చూశాడే? నేను చూసింది నీ చెయ్యి."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా! అందరూ నిన్ను ఎన్ని మాటలన్నారు?"

"నువ్వు వద్దంటే నిన్నంటారు. పొగరంటారు, ఇంకేదో అంటారు. నేను వంక పెడితే నన్నంటారు. నాది లూజు కోటు, ఎన్ని తిట్లయినా పడతాయి."

చుక్కమ్మ చిన్నప్పుడు గుడ్డపీలికల మధ్య కూర్చుని చూసినట్టే చూస్తూ ఉండిపోయింది. ఈ కంటికి కనపడనిది ఉండదని ఆ రోజు అనుకున్నది నిజమే. అది ఎటు చూస్తోందో మాత్రం ఇన్నేళ్ళూ తనకు తెలియలేదు. ఏం చెయ్యాలో తోచక కోటు అందుకుని భుజాల మీద చెయ్యి వేసి నిమిరింది. ఎడమవైపు పలచగా ఉంది. కుడివైపు మెత్తగా, మందంగా తగిలింది.

"ఇదేంటి బాబాయ్, ఒకవైపే ఎత్తుగా ఉంది?"

"పనిముట్ల సంచి మోసి మోసి కుడి భుజం ముప్పావంగుళం దిగింది వాడికి. లోపల దూది పెట్టాను."

"మొదటి సంబంధం నాడు అరంగుళానికే కదా నువ్వు..."

"ష్!" బాబాయి వీధి వంక చూసి, దారం పుటుక్కున కొరికాడు. "మీ నాన్న వస్తున్నాడు. అరంగుళం అంటే నమ్మాడు గానీ, ముప్పావంగుళం దాచానంటే టేపు పట్టుకుని వాణ్ణి మళ్ళీ కొలుస్తాడు."