చెప్పులు విడవని చుట్టాలు

మనీలా రేవు వెనక సందులో ఫెలిసా మామ్మ ఇంటి నేలకు రోజూ అభ్యంగనమే. సగం కోసిన కొబ్బరి డొక్కను కుడికాలి కింద పెట్టి, చెక్కనేల అద్దమయ్యేదాకా రుద్దుతుంది. పాదిరిగారైనా సరే గుమ్మంలో చెప్పులు విడవాల్సిందే. నిన్న పొద్దున మాత్రం ఐదు జతల పోలీసు బూట్లు తలుపు తోసుకొచ్చాయి. పరుపు చీల్చారు, బియ్యం ఒంపారు, మేరీమాత బొమ్మను తలకిందులు చేసి దులిపారు. ఏమీ దొరకలేదు. “వారెంటేది నాయనా?” “అనుమానముంటే అదెందుకు మామ్మా!” లోపలికి రావడానికి కాగితం లేని సార్జెంటు, పోయేటప్పుడు చూపించడానికి మాత్రం ఒకటి తెచ్చాడు: ఆమె ఇష్టపడే రానిచ్చిందనీ, సోదా మర్యాదగా జరిగిందనీ. కింద ఆమె సంతకం పడితే చాలు, దౌర్జన్యం కాస్తా చట్టమైపోతుంది.

“పెట్టు మామ్మా, లేదంటే స్టేషన్‌కొచ్చి పెడుదువుగాని.” “నా బియ్యం తొక్కుతూ నన్నే మర్యాద రాసిమ్మంటావేంట్రా, సిగ్గులేదూ?” ఆమె పెన్ను ముట్టలేదు. మళ్లీ వస్తామని బెదిరించి పోయారు. కేసు వేయడానికి రేపు ఓ లాయరమ్మ వస్తుంది. నలభై ఏళ్లలో మొదటిసారి కొబ్బరి డొక్క మూలన కూర్చుంది. మామ్మ బూటుగుర్తులు చెరగకుండా గోడవారగా నడుస్తూ, తుడవబోయిన పక్కింటావిణ్ణి కసిరింది: “ముట్టుకోకే! ఆ వెధవలు రాసిచ్చిపోయిన కాగితం అదొక్కటే.”