దీపం వెలిగించనన్న పెద్ద వాటాదారు

ఎనభైల మొదట్లో నేను పుదుచ్చేరిలో ఒక ప్లాస్టిక్ గొట్టాల కంపెనీ షేర్ల విభాగంలో పనిచేసేవాణ్ణి. ఫ్యాక్టరీ సేదరపేట్‌లో, ఆఫీసు ఊళ్లో. విభాగం అంటే నేనూ, ఒక బీరువా, ఒక టైపు మిషనూ.

కంపెనీ పెట్టింది మా చైర్మన్ గారి నాన్న. తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన ఒక ఆనవాయితీ పెట్టి వెళ్లారు. ఏటా జరిగే వాటాదారుల సభలో అందరికన్నా ఎక్కువ షేర్లున్నవారే మొదటి దీపం వెలిగించాలి. ఆయన బతికున్నన్నాళ్లు ఆయనే వెలిగించారు, తరవాత కొడుకు. ఇంకెవరికైనా ఎక్కువ ఉండవచ్చన్న ఊహ ఎవరికీ రాలేదు. ఏడాది పొడుగునా మామూలు చొక్కాలో తిరిగే మా చైర్మన్ ఆ ఒక్కరోజు పట్టు పంచె కట్టేవారు. కంపెనీ ఎవరిదో ఊరికి తెలిసేది ఆ దీపం దగ్గరే.

ఒక ఏడాది షేర్ మార్కెట్ వాళ్లు ఉత్తరం రాశారు. హద్దు దాటి వాటా ఉన్నవాళ్ల పేర్లు బయటపెట్టాలని అందులో ఉంది. వార్షిక నివేదికలో కూడా వేయాల్సిందేనని మా ఆడిటరు పట్టుబట్టాడు. నేను కూర్చుని అంకెలన్నీ కూడాను. బొంబాయిలోని ఒక ప్రభుత్వ మదుపు సంస్థ చాలా ఏళ్లుగా తన వేర్వేరు పథకాల పేరిట కొంచెం కొంచెంగా మా షేర్లు కొంటూ వచ్చింది. విడివిడిగా చూస్తే ఏదీ కంటికి ఆనదు. కలిపితే మా చైర్మన్ వాటాను దాటిపోయింది. ఆయన వాటా అప్పటికే తమ్ముళ్లతో పంపకాల్లో తగ్గిపోయి ఉంది.

కాగితం చూసి ఆయన కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఏందప్పా ఇది? వీళ్లు యాడ నుంచి వచ్చినారు?"

"బొంబాయి సార్. చానా ఏళ్లుగా ఉండారు."

"ఒక్క ఫోనన్నా చేసినారా? ఒక్క ప్రశ్నన్నా అడిగినారా?"

"లేదు సార్. డివిడెండ్ అందిందని రసీదు పంపుతారు, అంతే."

"నోరెత్తకుండా ఇంత కొన్నారంటే మనసులో ఏదో పెట్టుకోనుండారు." కాగితం వెనక్కి తిప్పి చూశారు. "విడివిడిగా వేస్తే?"

"సంస్థ ఒకటే సార్. కలిపే వేయాల."

"సరే, వేయి. చిన్న అక్షరాల్లో వేయి."

వీలైనంత చిన్న అక్షరాల్లోనే వేయించాను. అయినా ఆయన మేనత్త భూతద్దం పెట్టుకుని చదివింది. ఆమెకు ఉన్నవి గుప్పెడు షేర్లు, కానీ ప్రతి సభలోనూ ముందు వరసలో ఆమె ఉండాల్సిందే. చదివింది ఫ్రెంచి బడిలో. ఇంగ్లీషు అంతంత మాత్రమే గానీ అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా. మర్నాడే రిక్షాలో ఆఫీసుకు వచ్చింది.

"ఏంరా, మీ నాయన ఏం చెప్పినాడు? వాటా ఎక్కువుండేవాడు దీపం పెట్టాలని గదా?"

"అత్తా, వాళ్లెవురో మొగం కూడా తెలీదు..."

"తెలీకుంటే పిలిపించు. ఇన్నేండ్లు నువ్వు పెట్టినప్పుడు ఆ మాట తియ్యగా ఉండిందే!"

ఎప్పుడూ మనిషిని పంపని సంస్థకు, సభకు రమ్మని నేనే ఉత్తరం టైపు చేశాను. మద్రాసు శాఖ నుంచి ఒక అధికారి వస్తాడని జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి చైర్మన్ గారికి అన్నం సయించలేదు. "ఈ పొద్దు దీపం, రేపు కుర్చీ" అని ఫైళ్ల మీద సంతకాలు పెడుతూ కూడా గొణుక్కునేవారు.

సభ సముద్రపు ఒడ్డున ఒక హాల్లో. అధికారి ఒంగోలు వైపు కుర్రాడు. బస్సులో నలిగిన చొక్కా, చంకలో ఫైలు. మేం పెళ్లికొడుకును దించుకున్నట్టు దించుకున్నాం. చైర్మన్ స్వయంగా కాఫీ అందించారు. కుర్రాడు నన్ను పక్కకు పిలిచాడు.

"నేను వచ్చినట్టు సంతకం పెట్టేది మీరేనాండీ? టీఏ బిల్లుకి కావాలి."

మేనత్త వెలుగుతున్న కొవ్వొత్తి తెచ్చి అతని చేతికివ్వబోయింది. సంగతి చెప్పేసరికి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మో, నా వల్ల కాదండీ! మాది ఊరికే డబ్బు పెట్టి కూర్చునే సంస్థ. యాజమాన్యంలో వేలు పెట్టకూడదు. దీపం వెలిగించానని తెలిస్తే బొంబాయి నుంచి సంజాయిషీ అడుగుతారండీ."

"దీపానికి కూడానా బాబూ?" అంది అత్త.

"రూల్సులో దీపం సంగతి లేదండీ. లేదు కాబట్టే భయం."

చైర్మన్ గారి ముఖం తేటపడింది. మరుక్షణమే కోపమూ వచ్చింది.

"ఇంత వాటా పెట్టుకోని ఏమీ అడగవా? గొట్టాలు ఎట్ల అమ్ముడుపోతా ఉండాయనన్నా అడగవా?"

"బాగానే అమ్ముడుపోతున్నాయి కదండీ?"

"పోతా ఉండాయి."

"అయితే ఇంకేం అడగాలండీ?"

జనం గొణగడం మొదలుపెట్టారు. చివరికి అత్తే తీర్పు చెప్పింది. "వెలిగించేది నువ్వేరా. పక్కన నిలబడి చూసేది ఈ బాబు. చూసేదానికి రూలు అడ్డమా బాబూ?" కుర్రాడు ఫైలు తిరగేసి, చూడటం తప్పు కాదన్నాడు.

చైర్మన్ వత్తి ముట్టించారు. కిటికీలోంచి సముద్రపు గాలి కొట్టింది. మంట ఒంగి, ఆరిపోయేంత పని చేసింది. కుర్రాడు ఫైలు కింద పడేసి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. మంట నిలబడింది. హాలంతా చప్పట్లు. అతను తుళ్లిపడి చేతులు జేబుల్లో పెట్టుకుని నా వైపు వంగాడు.

"ఇది సభ మినిట్స్‌లో రాయకండి, ప్లీజ్."

మినిట్స్‌లో రాయలేదు. నా డైరీలో ఉంది.

మరుసటేడు కూడా ఆ సంస్థ వాటాయే ఎక్కువ. దాని పేరు ఈసారి చైర్మన్ గారే మామూలు అక్షరాల్లో వేయించారు. సభ రోజు పట్టు పంచెలో గుమ్మం దగ్గర నిలబడి, బస్సు దిగి వచ్చే ప్రతి మనిషినీ చూశారు. "మనోడు ఇంకా రాలేదేందప్పా?" సంస్థ నుంచి వచ్చింది ఒక కవరు, రాలేకపోతున్నామని రెండు వాక్యాలు. ఆయన దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నారు.

వత్తి ముట్టించారు. అదే గాలి. నన్ను దగ్గరికి పిలిచారు.

"నీకు మన షేర్లు ఏమన్నా ఉండాయా?"

"లేవు సార్."

"సరే, పరవాలే. చెయ్యి అడ్డం పెట్టు."