సుగుణ ఆపేసిన పాఠం

ఇది నేను చాలాసార్లు చెప్పిన కథే. పెళ్లి భోజనాల దగ్గర చెప్పాను, పింఛను ఆఫీసు వరండాలో చెప్పాను, చెప్పిన ప్రతిచోటా నవ్వించాను. అందరూ లేచి వెళ్లాక మాత్రం గుండెల మీద ఏదో కూర్చునేది. దాన్ని ఇన్నేళ్లూ ఎవరికీ చూపించలేదు. మీకు చూపిస్తాను.

పెద్దాపురం దగ్గర ఓ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేశాను నేను. జిల్లాలో నా అంతవాడు లేడని పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే లెండి.

తొంభైల నాటి సంగతి. ఏటా స్వయంపాలన దినోత్సవం నాడు పదో తరగతి పిల్లలు టీచర్లయ్యేవారు. మేం వెనక బెంచీల్లో విద్యార్థులమై కూర్చునేవాళ్లం. ఆ ఏడు ఏడో తరగతి లెక్కలు సుగుణకు వచ్చాయి. టీచర్ కావడం తప్ప ఆ పిల్లకు వేరే ధ్యాస లేదు. బడి వదిలాక ఖాళీ గదిలో ఒక్కతీ నిలబడి, బోర్డు మీద వరస వంకరపోకుండా రాయడం సాధన చేసేది. వీధిలో పిల్లల్ని అరుగు మీద పోగేసి పాఠాలు చెప్పేది.

వాళ్లమ్మ చీర కట్టుకుని వచ్చింది ఆ రోజు. పాఠం భిన్నాల భాగహారం. అరను పావుతో భాగిస్తే రెండెలా అవుతుంది? నేనైతే తిరగేసి గుణించమనేవాణ్ణి, అంతే. సుగుణ మామిడి తాండ్ర తెచ్చి సగానికి కోసింది.

"ఈ సగంలో పావు ముక్కలు ఎన్నొస్తాయిరా?"

"రెండండీ!"

నా క్లాసులో ఏనాడూ నోరు విప్పనివాళ్లు కూడా అరిచారు. అప్పుడు చెయ్యెత్తాను.

"టీచరుగారండీ, మరి తాండ్రని సున్నాతో భాగిస్తే ఎన్ని ముక్కలండీ?"

పిల్లలు గొల్లుమన్నారు. తనూ నవ్వింది. చేతిలో తాండ్ర ముక్కకేసి చూసి, "సున్నా... అండి" అంది.

"తప్పండీ. లెక్కల టీచరుగారికే లెక్క రాకపోతే మేమేమైపోవాలండీ?"

ఈసారి ఆమెను చూసి నవ్వారు. సుగుణ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడింది. బయటికొచ్చాక నా దగ్గరికి వచ్చింది.

"తెలిసే అడిగారు కదండీ మాస్టారూ?"

"సరదాకేనమ్మా."

సరదాకేనా? కథలో ఇక్కడ నేనొకటి కలిపేవాణ్ణి. మర్నాడు ఆ పిల్లను పిలిచి సున్నాతో భాగించడమే కుదరదని విడమరిచి చెప్పాననీ, గొప్ప టీచరువవుతావని దీవించాననీ. అబద్ధం. పిలవలేదు. ఏ పిల్లను ఏ ప్రశ్న పడగొడుతుందో మాస్టారికి తెలుస్తుంది. పిల్లల్ని నిలబెట్టడానికి వాడాల్సిన ఆ తెలివిని, నా పిల్లలు తన మాటకు అరిచారన్న కడుపుమంటతో అలా వాడాను.

ఇంటరయ్యాక టీచర్ ట్రైనింగ్‌కి రాయమని తెలుగు మేడం చెబితే, "నలుగురిలో నాకు నోరు పెగలదండి" అందట. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిందని విన్నాను. నేను మాత్రం రిటైరయ్యేదాకా తాండ్ర కోసే పాఠం చెప్పాను. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుంటే, నా పద్ధతేనన్నాను.

సగం దాకానే విన్నాను ఆ పాఠం. తర్వాత ఏం చెప్పేదో? మూడో వంతుకి ఏం తెచ్చేదో? ఆ వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుని, మిగతాది వినాలనుంది. ఎవరు చెబుతారు?

అవునమ్మా సుగుణా. తెలిసే అడిగాను.